టేపులో పోయిన పదకొండు సెకన్లు

వకుళగారి మీద తీసిన డాక్యుమెంటరీని ఆ సాయంత్రం కాకినాడలో ప్రదర్శించవలసి ఉంది. దానిని తీసిన శిష్యురాలు పావనికి మాత్రం, ఏ కారణం చేతనైనా ఆ ప్రదర్శన ఆగిపోతే బాగుండుననిపించింది.

ఆ ఊరి చిత్రకారులలో, కుంచె పట్టే చేతితో మొదట వీడియో కెమెరా పట్టినది వకుళగారే. నలభై ఏళ్ల క్రితం, పెళ్ళి వీడియోలు తీసే దుకాణం నుంచి కెమెరాను అద్దెకు తెచ్చి, దాని తీగను టీవీకి కలిపి, తన తల్లిని ఎదురుగా కూర్చోబెట్టారు. టీవీలో తన ముఖమే కదలడం ఆ తల్లి అంతకుముందు ఎన్నడూ చూడలేదు. మొదట బెదిరింది. తరువాత కొంగు సర్దుకుంది. చివరకు టీవీలోని మనిషిని, "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగి నవ్వింది.

ఇదంతా రికార్డయిన టేపుకు మరో ప్రతి లేదు. ఆ తల్లి కూడా ఇప్పుడు లేదు.

దానిని కంప్యూటరులోకి ఎక్కించబోతూ పావని, టేపు మెషీనులో ప్లే నొక్కవలసిన చోట రికార్డు నొక్కింది. తేరుకుని ఆపేసరికి పదకొండు సెకన్లు చెరిగిపోయాయి. వకుళగారు తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన ఆ ప్రశ్న, ఆ నవ్వు మొదలవడం, సరిగ్గా ఆ చోటిలోనే ఉండేవి.

డాక్యుమెంటరీలో ఆ ఖాళీని పావని ఒక పాత ఫొటోతో కప్పింది. వెనక వీణ పెట్టింది. దాని మీద తన గొంతుతో నాలుగు గంభీరమైన వాక్యాలు చదివింది.

మధ్యాహ్నం ఖాళీ హాలులో ఇద్దరూ కూర్చుని ఒకసారి చూశారు. ఫొటో రాగానే వకుళగారు చేయెత్తారు.

"ఆపు. ఈ వీణ ఎందుకే? మా అమ్మకి వీణ వింటే నిద్రొచ్చేది."

పావని తల దించుకుని జరిగినదంతా చెప్పింది. "ఇంకెప్పుడూ మీ గుమ్మం తొక్కను, టీచర్‌గారూ" అంది.

వకుళగారు కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"చెరిగిన చోట ఇప్పుడేముంది?"

"చూడలేదండీ. ధైర్యం చాలలేదు."

"పెట్టు, చూద్దాం."

పావని వెంట తెచ్చిన మెషీనులో టేపు తిరిగింది. తల్లి కొంగు సర్దుకుంది. పెదవి విప్పబోయింది. అంతలో గీతలు. ఆ గీతల్లోంచి పావని ముఖం. టేపును ఎక్కించబోయిన రోజున పావని మెషీనుకు తగిలించి బల్ల మీద వదిలేసిన కెమెరా తన పని తాను చేసింది. తెర నిండా వంగి చూస్తూ పావని, "వస్తోందా?" అంటోంది. మరుక్షణం ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. చేయి నోటి మీదికి వెళ్ళింది. మళ్ళీ గీతలు. మళ్ళీ తల్లి, నవ్వు ముగిస్తూ.

వకుళగారు టేపును వెనక్కి తిప్పి మరోసారి చూశారు. మూడోసారీ చూశారు.

"ఏమే, ఇంత ముక్కు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?"

పావని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏడుపు తరవాత. ముందు ఆ ఫొటో తీసెయ్. ఇది పెట్టు, ఉన్నదున్నట్టు."

"జనం నవ్వుతారండీ."

"నవ్వనీ."

సాయంత్రం హాలంతా నవ్వింది. గీతల అవతల ఆ తల్లి నవ్వు కనిపించగానే ఒక్కొక్కరే నవ్వడం మానేశారు.

అందరూ వెళ్ళాక వకుళగారు ఆ క్యాసెట్టును ఒళ్ళో పెట్టుకుని, మెషీను పక్కనున్న స్క్రూడ్రైవరు అడిగి తీసుకున్నారు. క్యాసెట్టు వెనక అంచున గోరంత ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దానిని విరిచేస్తే ఆ టేపు మీద ఏ మెషీనూ ఇక కొత్తగా రికార్డు చేయదు.

ఆ ముక్క ఇంకా అలాగే ఉండడం పావని అప్పుడే గమనించింది.

"నలభై ఏళ్ళలో ఒక్కసారైనా దీన్ని విరవాలనిపించలేదా, టీచర్‌గారూ?"

స్క్రూడ్రైవరు మొనతో వకుళగారు ఆ ముక్కను విరిచారు. చిన్న చప్పుడైంది.

"ఈ టేపు అప్పటికింకా పూర్తి కాలేదే" అన్నారు.