రెండు నిమిషాల సముద్రం

ఎంత కుదించినా ఆ రెండు నిమిషాల సినిమా మసేనమ్మ ఫోన్‌లో పట్టడం లేదు. సాత్యకికి ఏం చెయ్యాలో తోచలేదు.

మసేనమ్మ భర్త దానయ్య వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. చూసుకోవడానికి ఇంట్లో ఫోటో కూడా లేదు. "మా మావ ఆకరిపాలి ఎలా ఎల్లాడో అలాగే బొమ్మ కట్టండి బాబూ. ఇంటికాడ చూసుకుంటాను" అని ఆమె వచ్చి అడిగితే, యానిమేషన్ నేర్పే జోగారావు మాస్టారు సరేనన్నారు. పని తన శిష్యుడు సాత్యకికి అప్పగించారు.

ఆమె చెప్పిన పోలికలు రాసుకుని సాత్యకి ప్రాణం పెట్టి చేశాడు. ముఖ్యంగా తుఫాను అలలు. నురగలో బుడగలు కూడా విడివిడిగా కనిపించేవి. చూసినవాళ్ళంతా వాటినే మెచ్చుకున్నారు.

చివరికి కంప్రెషన్ బాగా పెంచి, ఎలాగో ఆ పాత ఫోన్‌లోకి ఎక్కించాడు. మసేనమ్మ మాస్టారి గది గుమ్మం పక్కన కూర్చుని చూసింది. అయిపోయాక మళ్ళీ చూసింది.

"బాగుంది బాబూ" అంది. ఫోన్ అతని వైపు తిప్పి, "మరి మా మావేడి?" అంది.

సాత్యకి ఫోన్ తీసుకుని చూశాడు. అలలు తెలుస్తూనే ఉన్నాయి. చీకట్లో పడవ మీద నిలబడి ఒడ్డుకేసి చెయ్యి ఊపే మనిషి మాత్రం నల్లటి గళ్ళల్లో కలిసిపోయాడు.

"ఈ సైజులో ఇంతే వస్తుంది మాస్టారూ" అన్నాడు సాత్యకి, లోపల ఉన్న మాస్టారి దగ్గరికెళ్ళి తలొంచుకుని. "కదిలేవాటికే చోటంతా పోతుంది. అలలు ఒక్క క్షణం ఆగవు కదా. చీకటికి ఏమీ మిగలడం లేదు. ఏ సెట్టింగు పెట్టమంటారు?"

మాస్టారు కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అలల దృశ్యం మొత్తం సినిమాలోంచి తీసేశారు.

సాత్యకి తెర మీదికి వంగాడు. "అదే లేకపోతే ఇందులో ఇంకేం ఉంటుంది మాస్టారూ?"

"అలలు ఆవిడ ఇంటి ముందే ఉన్నాయిరా" అన్నారు మాస్టారు. లేచి కుర్చీ అతనికి వదిలారు.

మిగిలింది చాలా కొంచెం. ఒక పడవ, ఒక మనిషి, చుట్టూ చీకటి. ఉన్న చోటంతా సాత్యకి ఆ చీకటికే ఇచ్చాడు. రెండరింగ్ పూర్తయి సినిమా మళ్ళీ తయారయ్యాక ఆమె ఫోన్‌లోకి ఎక్కించాడు.

ఈసారి మసేనమ్మ బాగుందనలేదు. ఫోన్‌ని మొహానికి దగ్గరగా పట్టుకుంది. రెప్ప వెయ్యలేదు. కాసేపటికి, పడవ మీద మనిషికి బదులుగా ఆమె కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది.

"బేగొచ్చీ మావా" అంది, తొందరగా రమ్మని వేటకి సాగనంపుతున్నట్టు.

సాత్యకి మాస్టారి వైపు చూడలేకపోయాడు.