నుచ్చో ఇంకా మెట్ల మీదున్నాడు

ఇటలీలో కొండల మీదున్న ఊళ్లన్నీ నేను చూసేశాను. అన్నీ అంటే, ఒకటి. రొక్కలీమ. అదీ ముప్పాతిక కొండ బస్సులోనే ఎక్కాను. అక్కడి తోటలో టికెట్లిచ్చే ముసలావిడ పేరు అస్సుంత. నాకు అస్సుంతమ్మ. కథ ఆవిడదే, కోతలు మాత్రం నావి.

దొరలు సరదా కోసం కొండలు తొలిపించిన రోజుల్లో, మన తాతల తాతలకు కూడా తాతలున్న రోజుల్లో, ఆ ఊరి దొరకొక తోట ఉండేది. రాతి చేపల నోళ్లలోంచి నీళ్లు. రాతి సింహాల ముక్కుల్లోంచి నీళ్లు. చుట్టాలొచ్చి అరుగు మీద కూర్చుంటే, కింద నుంచి కూడా నీళ్లు. అదీ దొరగారి సరసం.

ఆ నీళ్లు వదిలేవాడు నుచ్చో. గోడ వెనక, నలభై మెట్ల కింద ఒక గుంట. గుంటలో ఇనప పిడి. నొక్కి పట్టుకుంటే నీళ్లు ఎగురుతాయి. వదిలితే ఆగిపోతాయి. ముప్పై ఏళ్లు నుచ్చో పిడి పట్టాడు. ముప్పై ఏళ్లు నీళ్ల చప్పుడు విన్నాడు. నీళ్లెగరడం మాత్రం ఒక్కసారీ చూడలేదు.

ఒకరోజు తోటమాలి సాంద్రోని అడిగాడు.

"అన్నా, వంద లెక్కపెట్టేదాకా పట్టుకో. చూసొస్తా."

"ఓస్, అంతేనా? పోయిరా."

నుచ్చో మెట్లెక్కాడు. పైకొచ్చేసరికి నీళ్లు ఆగిపోయాయి. వెనకే సాంద్రో, రొప్పుతూ. "నవ్వులు వినపడ్డాయిరా. ఎవరు తడిశారో చూద్దామని..."

మరుసటేడు వంటామె పియాని అడిగాడు.

"అక్కా, వంద లెక్కపెట్టేదాకా పట్టుకో."

"నీ మొహం, వెయ్యి దాకా పడతా. పిండి పిసికిన చేతులివి."

నుచ్చో మెట్లెక్కాడు. పైకొచ్చేసరికి నీళ్లు ఆగిపోయాయి. వెనకే పియా. "ఎవరో కెవ్వుమన్నారు. ఎవరు తడిశారో చూద్దామని..."

ఏళ్లు గడిచాయి. మోకాళ్లు అరిగాయి. ఈసారి దొరనే అడిగాడు.

"దొరగారూ, వంద లెక్కపెట్టేదాకా..."

"నా తోట, నా పిడి. నువ్వెళ్లు నుచ్చో."

నుచ్చో ఇరవయ్యో మెట్టు మీద ఉండగానే దొర అతన్ని దాటుకుని పైకి పరిగెత్తాడు, ఎవరు తడిశారో చూద్దామని. నుచ్చో వెనక్కి దిగి పిడి నొక్కాడు. మళ్లీ ఎవర్నీ అడగలేదు.

ఒక మధ్యాహ్నం నీళ్లు ఎగిరాయి, ఆగలేదు. చుట్టాలు తడిశారు, ఆరారు, ఇళ్లకెళ్లారు. నీళ్లు ఆగలేదు. "చాలని చెప్పండి" అన్నాడు దొర. చెప్పినా ఆగలేదు. దిగి చూస్తే, నుచ్చో పిడి మీద బోర్లా వాలి ఉన్నాడు. ఒళ్లు చల్లబడిపోయింది.

దొర అతని పక్కన కూర్చుని, రెండు చేతులా పిడి పట్టుకున్నాడు. "ఇప్పుడు పైకి తీసుకెళ్లండి" అన్నాడు. నలుగురు పనివాళ్లు నుచ్చోని మోసుకెళ్లి నీళ్లకెదురుగా అరుగు మీద పడుకోబెట్టారు. దొర వంద లెక్కపెట్టాడు. ఇంకో వంద పెట్టాడు. కళ్లు మూసేసిన మనిషి కోసం.

ఇప్పటికీ ఏటా ఆ రోజున ఊరంతా వంతులవారీగా గుంటలోకి దిగుతారు. మనిషికో వంద. తోటలో అందరూ తడుస్తారు గానీ, ఆ అరుగు మాత్రం ఖాళీగా ఉంచుతారు. ఎవరి చెయ్యయినా సడలితే పైనుంచి కేకేస్తారు: "వదలకు, నుచ్చో ఇంకా మెట్ల మీదున్నాడు."

మొన్న నాకూ వంతు వచ్చింది. పైకొచ్చాక అస్సుంతమ్మ అడిగింది.

"వంద అయిందా బాబూ?"

"అయింది."

ఆవిడ ఆగిన నీళ్లకేసి చూసింది. ఖాళీ అరుగుకేసి చూసింది. ఆ ముసలి మోకాళ్లతోనే ఒక్కొక్క మెట్టూ దిగడం మొదలెట్టింది.

అరవై రెండు. అరవై రెండు దగ్గర వదిలేశాను. ఎవరు తడిశారో చూద్దామని.