వంటింటి అరలకు తలుపులు

ఉపేంద్రాచారికి గురువుగారి ఇంట్లో అన్నీ నచ్చేవి, వంటింటి అరలు తప్ప.

గురువుగారంటే యల్లమందయ్యగారు. వినుకొండ అవతల, కంకర లారీలు తిరిగే రోడ్డు పక్కన ఆయన ఇల్లు. ఆశ్రమమూ కాదు, మఠమూ కాదు. రెండు గదులు, ముందు వసారా, వెనక వంటిల్లు, అంతే. పౌర్ణమి పౌర్ణమికి శిష్యులంతా వసారాలో చేరి తత్త్వాలు పాడుకునేవారు. ఆయన నాలుగు మాటలు చెబితే వినేవారు. ఆ తర్వాత ఆదెమ్మగారు పెట్టింది తిని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళేవారు. ఆదెమ్మగారు గురువుగారి భార్య, శిష్యులందరికీ అమ్మ. ఉన్నమాట చెప్పుకోవాలంటే సగం మంది ఆవిడ చేతి పప్పు కోసమే వచ్చేవారు. తత్త్వం తలకెక్కినా ఎక్కకపోయినా పప్పు మాత్రం గొంతు దిగేది కదా మరి!

ఆ వంటింట్లో ఒక గోడ పొడుగునా చెక్క బల్లలు కొట్టి ఉండేవి. అవే అరలు. వాటికి తలుపుల్లేవు, అద్దాల్లేవు, కనీసం తెరగుడ్డ కూడా లేదు. ఉప్పు జాడీ, చింతపండు కుండ, కందిపప్పు డబ్బా, పాత బిస్కెట్ల డబ్బాలో ఎండుమిరపకాయలు, అన్నీ బాహాటంగా కనబడుతూ ఉండేవి. పెద్ద డబ్బా పక్కన చిన్న సీసా, దాని పక్కన ఇంకా పెద్ద జాడీ. ఓ వరసా లేదు, పాడూ లేదు.

ఉపేంద్రాచారి వడ్రంగి. పేరున్న పనివాడు. వంకర కనబడితే ఆయనకి ప్రాణం ఒప్పదు. వంటింట్లో పీట వేసుకుని అన్నానికి కూర్చుంటే చూపు ఆ అరల మీదికే పోయేది.

"అమ్మా, లారీల దుమ్మంతా వీటి మీదేగా పడేది?"

"పడితే తుడుస్తాలేరా."

"పోపు వేసినప్పుడల్లా జిడ్డు పడుతుంది గదమ్మా?"

"కుంకుడురసం పెట్టి రుద్దుతా. ముందు నువ్వు అన్నం తిను. పప్పు చల్లారిపోతోంది."

అన్నట్టే శుక్రవారం వచ్చిందంటే ఆవిడ అరలన్నీ ఖాళీ చేసి, ఒక్కో డబ్బా తుడిచి, మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేది. ఆ వయసులో ఆవిడ పడే ఆ పాటు చూసి ఉపేంద్రాచారి బాధపడేవాడు. బాధ అబద్ధం కాదు. కాకపోతే అందులో వడ్రంగి చేతుల దురద కూడా కాస్త కలిసి ఉంది.

ఇలా ఉండగా ఒక పౌర్ణమినాడు గుమ్మడికాయ పులుసులో బల్లి పడింది. పులుసంతా గోతిలో పారబోశారు. వచ్చినవాళ్ళందరూ ఆ పూట మజ్జిగా ఆవకాయా వేసుకుని సరిపెట్టుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు గానీ ఆదెమ్మగారు మాత్రం పొయ్యి ముందు కూర్చుని చంటిపిల్లలా ఏడ్చింది.

"మూత పెట్టడం మర్చిపోయాన్రా. ఎప్పుడన్నా మర్చిపోయానా నేను?"

"నీ తప్పేం లేదమ్మా. బల్లులు ఆ అరల మీద కాపరం పెట్టాయి. అక్కడినుంచే పడింది" అన్నాడు ఉపేంద్రాచారి. అని, అప్పటికప్పుడు వసారాలోకి వచ్చి గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"స్వామీ, ఇన్నేళ్ళుగా మీ బోధ విన్నాను. దక్షిణంటూ ఏమీ ఇచ్చుకోలేదు. మీ వంటింటి అరలకి తలుపులు చేసి పెడతాను. కాదనకండి."

కాదనకపోవడం ఆ ఇంటి ఆచారం. శిష్యుడు తన చేతుల్తో చేసి తెచ్చినదాన్ని యల్లమందయ్యగారు ఎన్నడూ తిప్పి పంపలేదు. ఒక కుమ్మరి శిష్యుడు వాలిపోయిన కూజా తెచ్చిస్తే, దానికి ఇటుకముక్క ఆనించి ఆ నీళ్ళే తాగేవారు. ఒక సాలె శిష్యుడు పోగులు తప్పిన తువ్వాలు నేసి తెస్తే చిరిగేదాకా భుజాన వేసుకు తిరిగారు.

ఆయన ఒకసారి వంటింటి వైపు చూశారు.

"ఆ వంటిల్లు నాది కాదురా. మీ అమ్మనడుగు."

ఉపేంద్రాచారి వెళ్ళి అడిగాడు. అడిగానంటే అడిగాననిపించుకున్నాడు.

"తలుపులు నాకెందుకురా? అన్నీ కనబడుతున్నాయిగా" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ.

"కనబడకుండా ఉండటానికేనమ్మా తలుపులు!" అని పకపకా నవ్వాడు ఉపేంద్రాచారి. ఆవిడ కూడా నవ్వింది. వాడి సరదా ఎందుకు కాదనాలి అనుకుందో ఏమో, మరింకేమీ అనలేదు.

ఎప్పుడో ఒక పాత బంగళా పడగొడితే కొని దాచుకున్న టేకు ఉంది ఆయన దగ్గర. దాన్ని బయటికి తీశాడు. కొట్లో మిగతా పనులన్నీ పక్కన పడేసి దాంతోనే కూర్చున్నాడు. తలుపుకీ తలుపుకీ మధ్య వెంట్రుక కూడా దూరనంత బిగువుగా కూర్చాడు. మడతబందులు రవ్వంత వాలుగా కొట్టాడు, తీసి వదిలేస్తే తలుపు దానంతటదే వచ్చి మూసుకునేలాగా. అది ఆయన పనితనం. చుట్టుపక్కల ఇంకెవరికీ చేతకాదు.

బిగించేరోజున డబ్బాలన్నీ దించి, తనే మళ్ళీ సర్దాడు. పెద్దవి కింది అరలో, చిన్నవి పై అరలో, ఎత్తుకి ఎత్తు సరిచూసి. తలుపులు మూశాక చూస్తే గోడంతా ఒకటే టేకు పలక.

శిష్యులంతా ముక్కున వేలేసుకున్నారు. గురువుగారు ఆ చెక్క మీద చెయ్యి వేసి నిమిరి, "అబ్బ!" అన్నారు. ఆ ఒక్క మాటకే ఉపేంద్రాచారి రెండు రోజులు నేల మీద నడవలేదంటే నమ్మండి.

ఆదెమ్మగారు మొదట్లో నవ్వుతూనే చెప్పేది. "ఏది ఎక్కడ దాచావో గానీ, నాతో దొంగాట ఆడుతున్నాయిరా నీ తలుపులు." ఒక తలుపు తీసేది. చూసేది. ఇంకోటి తీసేది. ఈలోగా మొదటిది మూసుకునేది. మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చేది.

"నాలుగు రోజులు పోతే అలవాటవుతుందమ్మా" అనేవాడు ఉపేంద్రాచారి.

కొట్టు కట్టేశాక రోజూ సాయంత్రం గురువుగారి దగ్గరికి వచ్చి కాసేపు కూర్చోవడం ఆయనకి అలవాటు. వచ్చినప్పుడల్లా వంటింట్లోకి తొంగి చూసేవాడు. చూస్తే తలుపులన్నీ బార్లా తెరిచి ఉండేవి. మూసుకోకుండా బందుల సందుల్లో ఎవరో గుడ్డపీలికలు కుక్కి పెట్టేవారు. ఉపేంద్రాచారికి ఒళ్ళు మండేది. ఇంత ఖరీదైన పనికి ఈ పీలికలేమిటి! అమ్మ పెద్దదైపోయింది, మసిగుడ్డలు ఎక్కడపడితే అక్కడ దోపేస్తోంది అనుకునేవాడు. గొణుక్కుంటూ అన్నీ లాగేసి తలుపులు మూసి, చేతులు దులుపుకుని వసారాలోకి వచ్చి గురువుగారి ముందు పద్మాసనం వేసేవాడు. మర్నాడు మళ్ళీ అదే కథ. కుక్కుతున్నది ఎవరని ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

రాను రాను పౌర్ణమి భోజనాల రుచి తప్పింది. ఒకసారి పప్పులో చింతపండు లేదు. ఇంకోసారి చారులో బెల్లం గుమ్మరించినట్టుంది. ఆ తర్వాత ఒకనాడు కూరలో అసలు ఉప్పే లేదు. గురువుగారు మారుమాట లేకుండా తిని విస్తరి మడిచారు. ఆయన తింటే మిగతావాళ్ళు తినక చస్తారా! తిన్నారు. వీధిలోకి వచ్చాక మాత్రం, "అమ్మ చేతికి ఏదో అయిందిరా" అని గుసగుసలాడుకున్నారు.

ఆ పై పౌర్ణమికి ఉపేంద్రాచారి పొద్దున్నే కూరగాయల సంచీ పట్టుకుని వచ్చాడు. ఆదెమ్మగారు వంటింటి మధ్యలో నిలబడి ఉంది. పొయ్యి వెలగలేదు. తలుపులన్నీ మూసే ఉన్నాయి. ముందురోజు సాయంత్రం తను మూసి వెళ్ళినవే. ఆవిడ ఆ టేకు గోడ వైపే చూస్తోంది.

అలికిడికి ఇటు తిరిగింది.

"నాయనా, ఈ ఇంట్లో వంటిల్లు ఎటువైపు?"

ఉపేంద్రాచారి నవ్వాడు. "బాగుందమ్మా పరాచికం!"

ఆవిడ నవ్వలేదు. జవాబు కోసం చూస్తూ నిలబడింది. కొత్త ఊళ్ళో బస్సు దిగి దారి అడిగిన మనిషిలా, మర్యాదగా, కాస్త బెరుకుగా చూస్తోంది. ఆ చూపుకి ఉపేంద్రాచారి చేతిలో సంచీ జారిపోయింది. వంకాయలు నేలంతా దొర్లాయి.

లోపలినుంచి గురువుగారు వచ్చారు. ఆయన చేతిలో చింపిన పాతపంచె పీలికలు ఉన్నాయి. వాటిని కిటికీలో పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పీట మీద కూర్చోబెట్టారు. తర్వాత ఒక తలుపు పూర్తిగా తెరిచి వదిలారు. అది చప్పుడు లేకుండా మెల్లగా వచ్చి మూసుకుంది. మళ్ళీ తెరిచారు. మళ్ళీ మూసుకుంది.

"ఎంత బాగా చేశావురా" అన్నారు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే ఉపేంద్రాచారి ఎలాగో తట్టుకునేవాడు.

"అమ్మకేమైంది స్వామీ?"

"మరుపురా. చాలాకాలం నుంచే జారిపోతోంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత రోజులు పోయాయి. మీకు తెలియనివ్వలేదు, తనకది నామోషీ. కానీ ఈ అరల ముందు నిలబడితే మాత్రం ఏదీ ఆలోచించేది కాదు. కంటికి కనబడేది, చెయ్యి దానంతటదే పోయేది. ఉన్నంతలో అదొక్కటే నిలిచింది తనకి."

ఉపేంద్రాచారి కిటికీలో ఉన్న పీలికల వైపు చూశాడు.

"రోజూ వాటిని తీసి పారేసింది నేనే స్వామీ."

"తెలుసు."

"వద్దని ఒక్క మాట అంటే ఆగిపోయేవాణ్ణి గదా స్వామీ! మొదట్లోనే ఒక్క మాట మీరు..."

"వద్దని మీ అమ్మ చెప్పిందిగా."

ఉపేంద్రాచారి పరుగున కొట్టుకి వెళ్ళి సామాను తెచ్చాడు. ఏ చేతుల్తో మురిసిపోతూ బిగించాడో ఆ చేతుల్తోనే ఒక్కో మరమేకూ ఊడదీశాడు. ఒక్కో తలుపూ మోసుకెళ్ళి పెరట్లో గోడకి ఆనించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే గానీ, ఆ సమయానికి ఆ ఆకులు కూడా దొరక్కపోతే మనిషి పిచ్చివాడైపోతాడు.

అరలు మళ్ళీ మునుపట్లా తెరుచుకున్నాయి. కిటికీలోంచి పొద్దుటి ఎండ డబ్బాల మీద పడింది. ఆదెమ్మగారిని లేవదీసి తీసుకొచ్చి వాటి ముందు నిలబెట్టాడు.

"చూడమ్మా, అన్నీ కనబడుతున్నాయి. ఉప్పందుకో. ఏదీ, ఉప్పు తీసుకో అమ్మా."

ఆవిడ చెయ్యి లేచింది. నడిమి అరలో కుడివైపుకి వెళ్ళింది, తడుముకోకుండా, ఠక్కున వెళ్ళింది. ఉపేంద్రాచారి ఊపిరి బిగబట్టాడు. చేతికి మెంతుల సీసా తగిలింది. ఆవిడ దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరిదో అయినట్టు జాగ్రత్తగా తిరిగి అక్కడే పెట్టేసింది.

అప్పుడు తట్టింది ఆయనకి. తలుపులు తీశాడు సరే, డబ్బాలు తను పేర్చిన వరసలోనే ఉన్నాయి. పెద్దవి కింద, చిన్నవి పైన, ఎత్తుకి ఎత్తు. ఆ పాత వరస ఇది కాదు.

ఆత్రంగా అన్నీ కిందికి దించాడు. నేల నిండా జాడీలు, డబ్బాలు, సీసాలు. ఉప్పు జాడీ చేతిలోకి తీసుకుని ఆమె చెయ్యి వెళ్ళిన చోట పెట్టాడు. ఆ ఒక్కటీ తెలిసింది. తర్వాత చింతపండు కుండ పట్టుకుని నిలబడిపోయాడు. పై అరలోనా? కింద, పప్పు పక్కనా? ఎన్ని పౌర్ణములు ఈ గోడకి ఎదురుగా పీట వేసుకుని తిన్నాడు! దుమ్ము గుర్తుంది. జిడ్డు గుర్తుంది. వంకర గుర్తుంది. ఇంకేదీ గుర్తు రావట్లేదు.

"అమ్మా, ఇదెక్కడ పెట్టేదానివి? జ్ఞాపకం తెచ్చుకో తల్లీ."

"మీ ఇల్లు, మీ ఇష్టం నాయనా" అంది ఆవిడ నెమ్మదిగా. వెళ్ళి పీట మీద కూర్చుంది.

ఉపేంద్రాచారి కుండ పట్టుకునే గురువుగారి వైపు తిరిగాడు.

"స్వామీ, మీరన్నా చెప్పండి. ఇది ఎక్కడుండేది?"

యల్లమందయ్యగారు ఖాళీ అరల వంక చూశారు. ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా చూశారు. వసారాలో అంతమందికి బోధ చెప్పే మనిషి, పెదవి కదిపి, ఆగి, మళ్ళీ కదిపారు.

"ఇన్నేళ్ళు తిన్నానురా. ఒక్కనాడూ చూడలేదు."