మోగని గంట, పోని గేదె

తెలివివలస పోలీసు స్టేషనులో ఉన్నది ఇద్దరే. ఒకరు ఎస్సై దాలినాయుడు, రెండోవాడు కానిస్టేబులు గవరయ్య. తమ ఇద్దరి తెలివీ కలిపితే జిల్లా మొత్తానికి సరిపోతుందని వాళ్ళ నమ్మకం. గవరయ్యకైతే తన బుర్ర మీద మరీ గురి. ఎండలో తిరిగితే తెలివి ఆవిరైపోతుందని టోపీ కింద తడిగుడ్డ పెట్టుకుని మరీ డ్యూటీ చేసేవాడు.

ఆ స్టేషను వసారాలో ఇత్తడి గంట ఒకటి వేలాడుతుండేది. దొంగతనం జరిగిందని ఎవరైనా వచ్చి చెబితే దాన్ని కొట్టాలి. ఆ మోత వినగానే ఊరివాళ్ళు కర్రలు పట్టుకుని వెతకడానికి బయల్దేరేవారు. నెలాఖరున పెద్దాఫీసరు జీపులో వచ్చి, గంట ఎన్నిసార్లు మోగితే అన్ని దొంగతనాలని పైకి రాసి పంపేవాడు.

ఒక నెల గంట తెగ మోగింది. పెద్దాఫీసరు మండిపడ్డాడు.

"దాలినాయుడూ, ఇలాగైతే పైవాళ్ళకి నేనేం చెప్పుకోవాలి? వచ్చే నెల ఈ గంట మోగిందో, నీ టోపీ ఊడుతుంది."

ఆయన వెళ్ళాక గవరయ్య గంట చుట్టూ తిరిగాడు. వాసన చూశాడు. తల పంకించాడు.

"సార్, ఇన్నాళ్ళూ మనం కనిపెట్టలేదు. ఇది మోగిన ప్రతిరోజూ ఊళ్ళో ఏదో ఒకటి పోయింది. మోగని రోజు ఏదీ పోలేదు. అన్నిటికీ ఇదే మూలం."

"అవున్రా," అన్నాడు దాలినాయుడు నివ్వెరపోయి. "దొంగని చూరుకి వేలాడదీసుకుని ఊరంతా గాలిస్తున్నాం."

అంతే. గంట నాలుకకి గోనెపట్టా చుట్టేశారు.

మర్నాడు పొద్దున్నే ఎదురింటి పైడమ్మ పరిగెత్తుకొచ్చింది.

"బాబూ, నా పాడిగేదెని ఎవడో తోలుకుపోయాడు. దాని పాలు అమ్మే పిల్లలకి ఇంత కూడు పెడుతున్నాను. చప్పున గంట కొట్టండి, ఇంకా ఊరు దాటి ఉండదు."

గవరయ్య తాడు లాగాడు. చప్పుడు లేదు.

"చూశావా, మోగలేదు. అంటే నీ గేదె పోలేదు. ఇంటికెళ్ళి పాలు పితుక్కో."

"దేన్ని పితకను బాబూ, కట్టుగొయ్యనా?"

"అది నీ ఇంటి సంగతి. పోలీసులు కలగజేసుకోకూడదు."

పైడమ్మ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. దాలినాయుడి మనసు కరిగింది. "గవరయ్యా, దొంగతనం ఎలాగూ జరగలేదు గానీ, ఓసారి చూసిరా. దొంగ కనబడితే మాత్రం వదలకు."

గవరయ్య సాయంత్రానికి మోకాళ్ళదాకా దుమ్ముకొట్టుకుని తిరిగొచ్చాడు.

"కనబడ్డాడు సార్. గేదెని సంతకి తోలుకుపోతున్నాడు. మీరు వదలొద్దన్నారుగా, అడుగు ఎడం కాలేదు. దారిలో గేదె మొరాయిస్తే వెనకనుంచి నేనే అదిలించాను. అమ్మేదాకా పక్కనే ఉన్నాను. చాలా మర్యాదస్తుడు సార్, టీ ఇప్పించాడు. ఇక వెళ్ళొస్తానన్నాడు గానీ, నేను వదుల్తానా? వెంటబెట్టుకొచ్చాను."

వసారాలో దొంగ బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. దాలినాయుడు వాణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఊళ్ళు తిరిగినవాడిలా ఉన్నావు. ఈ గంటని మా పెద్దాఫీసరు చెవిన పడనంత దూరం తీసుకుపోగలవా?"

దొంగ ఒకసారి గంటని, ఒకసారి వాళ్ళిద్దరినీ చూశాడు. "అలవాటైన పనే బాబయ్యా," అన్నాడు వినయంగా. గవరయ్యే వాడి తలకి గుడ్డ చుట్టి, గంట ఎత్తిపెట్టి, ఊరి పొలిమేరదాకా సాగనంపి వచ్చాడు.

ఇంకేముంది, ఊళ్ళో మేకలు పోయాయి, మోటార్లు పోయాయి, పొయ్యి మీది గిన్నెలు కూడా పోయాయి. ఎవరొచ్చినా గవరయ్య ఖాళీ కొక్కెం చూపించేవాడు. "మోగిందా? లేదుగా. పో."

నెలాఖరు వచ్చింది. ఒక్క దొంగతనమూ లేదని తెలిసి పెద్దాఫీసరు షామియానా వేయించి, దండ వేయించుకుని, మైకు అందుకున్నాడు. "ఇదంతా నేను పెట్టిన భయం వల్లే."

జనంలోంచి పైడమ్మ లేచింది. "మరి నా గేదె, బాబూ?"

"గంట మోగిందా?"

"లేదు బాబూ."

"అయితే పోలేదు. కూర్చో."

పైడమ్మ కూర్చోలేదు. నెమ్మదిగా ఇంటివైపు నడిచింది.

సభ ముగిసింది. పెద్దాఫీసరు బయటికొచ్చి చూస్తే జీపు లేదు. టైర్ల అచ్చులు మాత్రం ఉన్నాయి.

"నా జీపేదిరా? కొట్టండి గంట."

"గంట మోగలేదు కదా సార్, జీపు పోలేదు. ఎక్కండి," అని గవరయ్య గాలిలో తలుపు తీసి సెల్యూట్ కొట్టాడు.

పెద్దాఫీసరు నోరు తెరిచాడు. చుట్టూ జనం. మెడలో దండ ఇంకా వాడలేదు. జీపు పోయిందంటే తన గొప్పా దాంతోపాటే పోతుంది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఇంతలో పైడమ్మ పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని వచ్చింది. "ఎండలో జీపు మీద పోవాలి కదా బాబూ, తాగండి. మా గేదె పాలే. అదీ ఎక్కడికీ పోలేదుగా."

గ్లాసులు అడుగుదాకా ఖాళీ. ఊరంతా చూస్తోంది. పెద్దాఫీసరు గ్లాసెత్తి, గొంతు కదిలేలా గటగటా తాగాడు. తాగి, ఎవరివైపూ చూడకుండా రోడ్డెంట నడక సాగించాడు.

గవరయ్య కూడా తన గ్లాసు ఆఖరి చుక్కదాకా వంచుకుని, మీసం తుడుచుకుని, మొహం చిట్లించాడు.

"పైడమ్మా, పాలల్లో నీళ్ళు కలిపావు. దొంగతనమంటే గంట కావాలి గానీ, కల్తీకి అక్కర్లేదు. పద స్టేషనుకి."

ఆ నెల తెలివివలసలో రాసిన కేసు అదొక్కటే.