గజ్జె మింగిన పలుకు

"ఈ గజ్జెలు విప్పేయండి. ఊళ్ళో పలకని బిడ్డంటూ ఉండదు. మాట ఇస్తున్నాను." ఇలా అన్నది ఒక పండితుడు. నమ్మింది అడవి అంచున ఉన్న ఒక ఊరు.

ఆ ఊళ్ళో బిడ్డ నడక నేర్వగానే కాలికి కంచు గజ్జె కట్టేవారు. ఆ మోతకు తోడేలు దగ్గరికి రాదు. ఒకప్పుడు తోడేలు బిడ్డను ఎత్తుకుపోని ఇల్లు లేదు. గజ్జె వచ్చాక తోడేలును చూసినవాళ్ళే లేకుండా పోయారు. తాము చూడలేదు కనుక తోడేలు లేదనే మేధావులు తయారయ్యారు.

పిల్లలకు మాటలు వచ్చేదీ ఆ వయసులోనే. కొందరికి రావు, పిలిచినా తిరిగి చూడరు. తల్లులు అది గమనించేదీ అప్పుడే. పండితుడు అలాంటి పిల్లల ఇళ్ళకు మాత్రమే వెళ్ళాడు. అందరి కాళ్ళకూ గజ్జె ఉంది. గలగలా మాట్లాడే పిల్లల కాళ్ళకూ ఉంది గానీ, ఆ ఇళ్ళలో గోల ఎక్కువని అటు పోలేదు.

"గజ్జె పలుకుతోంది. బిడ్డ పలకడం లేదు," అన్నాడాయన సభలో. "పలుకు ఎటు పోయిందో వేరే చెప్పాలా?"

ఊరు చప్పట్లు కొట్టింది. ఆయన అంగట్లో చప్పుడు చేయని కట్టె గజ్జెలు అప్పటికే దిగి ఉన్నాయి.

ప్రశ్నించడం మా హక్కు అంటూ అందరూ కంచు గజ్జెలు విప్పారు. జవాబు వినడం ఎవరి బాధ్యతో ఎవరూ అడగలేదు. ఆ తర్వాత కంచు గజ్జె ఎరగని పిల్లల్లోనూ కొందరు పలకలేదు. పక్కింటి గజ్జె విని ఉంటారని పండితుడు తేల్చాడు.

ఒక తల్లి మాత్రం విప్పలేదు. ఆమె కొడుకు మాట్లాడడు. కాలు ఊపుకుంటూ ఆ మోతకు నవ్వుకుంటాడు. చేజేతులా బిడ్డను పాడుచేసుకున్నావని ఇరుగుపొరుగు జాలిపడ్డారు.

"వాడికేం పాడు కాలేదు వదినా," అందామె. "మీ పిల్లలు తోడేలు నోట పడినా సరే, నా కొడుకులా ఉండకూడదు. అంతేగా మీ భయం?"

ఆ చలికాలం తోడేలు వచ్చి కుమ్మరి కూతుర్ని ఎత్తుకుపోయింది. వచ్చీరాని మాటలతో వీధంతా నవ్వించే పిల్ల. కాలికి కట్టె గజ్జె.

పండితుడు పరామర్శకు వచ్చాడు. తోడేలు కూడా ప్రకృతి బిడ్డేనని, తొందరపడి ఏ పక్షాన్నీ నిందించకూడదని ఓదార్చాడు.

కుమ్మరి అంతా విన్నాడు.

"అయ్యా, కంచుది ఉంచితే నా కూతురు మాట మానేస్తుందన్నారు. విప్పాను. ఇప్పుడేం మాట్లాడుతోందో మీరే ఆ తోడేలు దగ్గరికి వెళ్ళి, విని వచ్చి చెప్పండి. మాఘ పౌర్ణమి దాకా మీ జవాబు కోసం ఆగుతాను."