మధ్యాహ్నం దాకా అధికారి

ఒక రేవులో ఒక ఓడ ఇసుక మేటెక్కి కూర్చుంది. తుఫాను లేదు, చీకటి లేదు, మంచు లేదు. పట్టపగలు, పిల్లగాలికి, ఊరంతా చూస్తుండగా ఎక్కింది.

ఎందుకెక్కిందో ఊరందరికీ తెలుసు. ఆ రేవులోకి వచ్చే ప్రతి ఓడా కొండమీది దొర బంగళాకి జెండా దించి సలాము చెయ్యాలి. లోతు నీళ్ళున్న దారేమో బంగళాకి దూరం. జెండా సరిగ్గా కనపడదేమోనని కెప్టెన్‌కి బెంగ. "ఇంకా దగ్గరికి పోనీ" అన్నాడు. చుక్కాని పట్టుకున్న, ఓడ పనివాళ్ళకి పెద్ద అయిన సరంగు, "అటు మేట ఉంది దొరా" అన్నాడు. అన్నాడు గానీ, దొరల ముందు గొంతు తగ్గించి మాట్లాడ్డం అతనికి చిన్నప్పటినించీ అలవాటు. అది కెప్టెన్‌కి వినపడిందో లేదో కెప్టెన్‌కే తెలియాలి. సలాము మాత్రం బ్రహ్మాండంగా జరిగింది.

ఓడ దెబ్బతింటే విచారణ జరపాలని చట్టం. తప్పు తేలితే, ఆ తప్పు చేసిన అధికారి యోగ్యతాపత్రం రద్దు చెయ్యాలి. పత్రం ఉన్నవాడే ఓడకి ఆజ్ఞ ఇవ్వాలి. లేనివాడి మాట మీద ఓడ జానెడు కదిలినా నేరమే. ఈ ఓడలో పత్రం ఉన్నవాడు కెప్టెన్ ఒక్కడే. విచారణ తేలేదాకా అది చెల్లదు కనక, పోటు వచ్చినా పాటు వచ్చినా కళాసీలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఓడ రోజురోజుకీ ఇసుకలోకి దిగబడుతోంది.

విచారణ జరిపే న్యాయాధికారి చెడ్డవాడేం కాదు. కాకపోతే సాయంత్రాలు పేకాటలో ఆయనకి జత ఈ కెప్టెనే. జతగాడిని శిక్షిస్తే ఇక సాయంత్రాలు ఎలా గడుస్తాయి?

"చుక్కాని పట్టింది సరంగు కదా. తప్పు వాడిదే" అన్నాడు న్యాయాధికారి.

"వాడిదే" అన్నాడు కెప్టెన్ వెంటనే.

"కానీ వాడికి పత్రమే లేదు. లేనిదాన్ని రద్దు చెయ్యడం కుదరదు" అన్నాడు పక్కనున్న ముసలి సలహాదారు. ఒకప్పుడు ఓడలు నడిపిన దొర ఆయన. ఇప్పుడు కోర్టులో కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు.

న్యాయాధికారి గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. ఆలోచించగా ఆలోచించగా మొహం వెలిగింది.

"అయితే ఇద్దాం. రేపు పొద్దున్న పరీక్ష పెట్టి పత్రం ఇద్దాం. మధ్యాహ్నం విచారణ పెట్టి రద్దు చేద్దాం."

చట్టం చదివిన బుర్ర అంటే అదీ!

ఈ సంగతి కోర్టు బంట్రోతు వచ్చి సరంగు చెవిన వేశాడు. ఇద్దరూ ఒకే పేటవాళ్ళు.

"మావా, రేపు ఏటడిగినా తెల్దని చెప్పెయ్. పరీక్ష తప్పితే నిన్నేటీ చెయ్యలేరు. నెగ్గేవనుకో, మజ్జానానికి రద్దు చేసేస్తారు. రద్దయినోణ్ణి ఏ ఓడా ఎక్కనివ్వరు, కళాసీగా కూడా."

సముద్రం తప్ప సరంగుకి ఇంకో బతుకు తెలియదు. గట్టుమీద నాలుగు రోజులుంటే ఒంట్లో బాగుండదు, అన్నం సయించదు. "తెల్దనే చెప్తాన్లే" అని మాటిచ్చాడు.

మాటయితే ఇచ్చాడు. తెల్లారి పరీక్షలో ముసలి సలహాదారు మొదటి ప్రశ్న వేశాడు.

"ఏమోయ్ సరంగూ, వీచే గాలి ఉన్నట్టుండి ఆగిపోయి, దక్షిణాన మబ్బు నల్లగా లేస్తోందనుకో. నువ్వైతే ఏం చేస్తావు?"

"తెల్దు" అనడానికి సరంగు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి ఆ మాట రాలేదు. ఇన్నేళ్ళలో "అటు తిప్పు, ఇటు తిప్పు" అన్నవాళ్ళే గానీ, "నువ్వైతే ఏం చేస్తావు" అని అడిగిన నాథుడు లేడు. ఆ ప్రశ్న వినడానికే హాయిగా ఉంది.

"తెరచాపలు దించుతాను దొరా" అన్నాడు.

ఇక ఆగలేదు. ముందు ఏది దించాలో, ఎందుకు దించాలో, దించని ఓడ ఒకటి ఏమైందో, దాని కెప్టెన్ పెళ్ళాం ఎలా శోకాలు పెట్టిందో అన్నీ చెప్పాడు. మధ్యలో కాసిని కోతలు కూడా కోశాడు. తలుపు దగ్గర బంట్రోతు నెత్తి బాదుకున్నాడు. సలహాదారు మాత్రం కునుకు మాని ముందుకి వంగి విన్నాడు.

సరంగు నెగ్గాడు. ఎర్ర ముద్ర వేసిన పత్రం చేతికిచ్చారు. తన గొయ్యి తనే తవ్వుకున్నాడని అతనికి తెలుసు. అయినా లోపల సంతోషంగానే ఉంది, అలా ఉన్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఇది ఎప్పటిదాకా నాది దొరా?"

"భోజనాలయ్యాక విచారణ. అందాకా నీదే" అంటూ న్యాయాధికారి లేచాడు. ఆ పూట వాళ్ళింట్లో పీతల ఇగురు.

సరంగు బయటికొచ్చాడు. ఆ రోజు పున్నమి. పోటు పొంగుతూ మేట అంచుల్ని మింగేస్తోంది. చేతిలో పత్రం చూసుకున్నాడు. నీళ్ళకేసి చూశాడు. పంచె ఎగ్గట్టి పరుగందుకున్నాడు.

ఓడెక్కి పత్రం చూపించాడు. కళాసీలకి చదువు రాదు గానీ ముద్ర గుర్తుపట్టారు. పడవలో లంగరు తీసుకెళ్ళి ఓడ వెనక లోతులో పడేశారు. ఓడ మీంచి దాని మోకు పట్టుకుని హైలెస్సా అని లాగారు. ఓడ మూలిగింది. మళ్ళీ లాగారు. కాస్త ఊగింది. ఇంకా లాగారు. పొద్దెక్కి లేచిన మనిషిలా ఒళ్ళు విరుచుకుని నీళ్ళలోకి జారింది. సరంగు ఏడ్చేశాడు. ఏడుస్తూనే చాపలెత్తమని అరిచాడు. ఆ గొంతుకి కళాసీలు ఉలిక్కిపడి చూశారు.

భోజనాలయ్యాయి. న్యాయాధికారి త్రేన్చుకుంటూ వచ్చి కూర్చున్నాడు. బంట్రోతు వరండాలో నిలబడి మామూలుగా కేకేశాడు.

"సరంగూ! హాజర్!"

కిటికీలోంచి చూస్తే ఓడ నెమ్మదిగా కదిలిపోతోంది. ముందు చూసింది కెప్టెన్.

"నా ఓడ!"

"దొంగతనం!" అన్నాడు న్యాయాధికారి.

"దొంగతనం ఎలా అవుతుంది?" అన్నాడు సలహాదారు, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుంటూ. "పత్రం ఉన్నవాడి ఆజ్ఞ మీద కదిలింది. ఆ పత్రం మనమే ఇచ్చాం."

"అయితే వాణ్ణి పిలిపించండి. ఇప్పుడే రద్దు చేస్తాను!"

"చెయ్యొచ్చు. కానీ ఇందాకటి పిలుపు చెల్లదు. అధికారి అన్నవాణ్ణి హోదాతో, మర్యాదగా, మూడుసార్లు పిలవాలని చట్టం."

న్యాయాధికారి పళ్ళు నూరాడు. "పిలువు. మర్యాదగానే ఏడువు!"

బంట్రోతు గట్టుకి పరిగెత్తాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఓడ అధికారి సరంగు గారూ! తమరు దయచేసి హాజరు కావాలీ!"

కేక నీళ్ళమీదుగా ఓడదాకా వచ్చింది. చుక్కాని దగ్గరున్న కళాసీ చెవులు రిక్కించాడు.

"అన్నా, గట్టుమీంచి ఎవల్నో పిలుస్తన్నారు. ఎవరో పెద్దమనిషిలాగుంది."

"నన్నేరా."

"ఓడ తిప్పీమంటావా మరి?"

సరంగు కళ్ళు మూసుకున్నాడు. రెండో కేక వినిపించింది. గాలికి మాటలు చెదిరిపోయాయి గానీ, "గారూ" మాత్రం నిండుగా వచ్చింది.

"తిప్పకు" అన్నాడు. "ఇంకొకటుంది. విననీ."