దుప్పటి చాటున కబడ్డీ

"ఇరవై ఏళ్ళు మట్టిలో పొర్లినవాణ్ణి బల్ల ముందు కూర్చోబెట్టి ఏం నేర్పుతారండీ?"

కబడ్డీ కోచ్‌ల శిక్షణ మొదలైన మూడో రోజున, పాఠం చెప్పే వరహాలమ్మ మేడమ్‌ను బంగారునాయుడు అడిగిన మాట ఇది. ఒకప్పుడు అతడు చీలమండ పట్టాడంటే కూతకొచ్చినవాడు తిరిగి గీత దాటేవాడు కాదు. ఇప్పుడు ఆడపిల్లల జట్టును తయారుచేస్తున్నాడు. అందులో గౌరీశ్వరికి రెండేళ్ళయినా ఆ పట్టు చిక్కలేదు. ఆ సాయంత్రమే జట్టు జాబితాలో ఆమె పేరు కొట్టేసి పంపాలనుకున్నాడు. జట్టులో లేకపోతే ఆ పిల్లకు క్రీడా హాస్టల్లో చోటు ఉండదు.

"కాలు చూడవే అని వెయ్యిసార్లు చెప్పానండీ. మొద్దు బుర్ర. మీ పుస్తకం దానికి కళ్ళు తెస్తుందా?"

పత్రికకు రాయడానికి వెళ్ళిన నేను చప్పట్లు కొట్టాను. శ్రమే విశ్వవిద్యాలయమని, పట్టాలు పాలకవర్గం వేసే ముద్రలని అప్పటికే ఎన్నో గోడల మీద రాసినవాణ్ణి. సర్టిఫికెట్ లేదని మట్టి మనుషుల్ని గేటు బయట నిలబెట్టే ఆఫీసుల మీద నా కోపం ఈ రోజుకీ చల్లారలేదు.

మేడమ్ వాదించే మనిషి కాదు. మైదానంలో తాడు కట్టించి, దుప్పటి వేలాడదీయించి, నన్ను దాని వెనక నిలబెట్టారు. నాయుడికి నా మోకాళ్ళ కింది భాగం మాత్రమే కనిపిస్తుంది.

"ఈ విలేకరి కూతకొస్తాడు. కాలు పట్టు నాయుడూ."

"తోలుబొమ్మలాటా మేడమ్? ఉపన్యాసాలిచ్చే మనిషి కాళ్ళు, ఇవెంతండీ!" అంటూ నవ్వుతూ వంగాడు.

నేను జన్మలో కబడ్డీ ఆడలేదు. అయినా నా కాలు తప్పించుకుంది. మళ్ళీ తప్పించుకుంది. ఆరోసారికి నాయుడి నవ్వు వినబడలేదు. అప్పుడు దుప్పటి తీయించారు. నేను అడుగు ఎత్తానో లేదో, నన్ను మట్టి కరిపించాడు.

"ఇప్పుడేం చూశావు?" అడిగారు మేడమ్.

అతడు నా చీలమండ వదలకుండానే తల ఎత్తాడు.

"నడుమండీ. నడుం తిరిగింది, చెయ్యి వెళ్ళిపోయింది. కాలు... కాలు నేను చూడనే లేదు." నా చీలమండ వదిలేశాడు. "రెండేళ్ళు ఆ గౌరీశ్వరిని కాలే చూడమన్నానండీ. తిట్టాను కూడా."

నాయుడు లేచి చేతులు దులుపుకున్నాడు.

"పేరు ఉంచేస్తానండీ. రేపే ఫోన్ చేసి, నడుం చూడమని చెప్పేస్తాను."

"పేరు ఉంచు," అన్నారు మేడమ్. "చెప్పడం తర్వాత. ముందు ఆ పిల్లకి ఏం కనబడుతోందో అడుగు."